దొరల చాప

కొరియాలోని హ్వాజిన్ ఊళ్లో ముసుగు ఆట చూడటానికి వచ్చినవాళ్లు నేల మీద ఎక్కడైనా కూర్చోవచ్చు, ఒక్క చాప మీద తప్ప. అది తుంగచాప. మైదానానికి ఎదురుగా, అందరికంటే ముందు పరుస్తారు. దాన్ని దొరల చాప అంటారు.

ఆటలో ముఖ్యులు ఇద్దరే, దొర, బంటు. దొర తన గొప్పలు చెప్పుకుంటాడు. బంటు వాటిని ఒక్కొక్కటే చీల్చి ఆరేస్తాడు. పూర్వం ఊరి భూస్వామి ఆటకు బియ్యం ఇచ్చి, ఆ చాప మీద కూర్చుని, తన మీద పడే మాటలన్నీ విని, ఆట అయ్యాక మొదటి గిన్నె మక్కొల్లి, అంటే బియ్యపు కల్లు, తాగి ఇంటికి పోయేవాడు. పెద్దవాడు మాట పడితే ఆ యేటి కీడు ఊరు దాటిపోతుందని నమ్మకం. భూస్వాముల తర్వాత పోలీసు అధికారులు కూర్చున్నారు, జిల్లా అధికారులు కూర్చున్నారు. ఒకసారి ఒక పార్లమెంటు సభ్యుడు కూర్చుని మధ్యలో లేచి వెళ్లిపోయాడు. తర్వాతి ఎన్నికల్లో అతను ఓడిపోయాడు. ఊరు ఆ లేవడానికీ ఈ ఓడిపోవడానికీ ముడిపెట్టింది. ఆ తర్వాత ఎవరూ కూర్చోలేదు. చాపను ఖాళీగానే పరుస్తున్నారు. దేశంలో ఆ యేడు అధికారం ఎవరిదైతే, బంటు ఖాళీ చాప వైపు తిరిగి వాళ్లని కడిగేస్తాడు. ఏ పార్టీ అన్నది చూడడు.

దొర వేషం నామ్‌గుంగ్ హ్యోక్‌ది. స్కూల్లో వైస్ ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరయ్యాడు. చాప మీద కూర్చున్న భూస్వాముల్లో చివరివాడు ఆయన తాత. ఆట సంఘానికి ఇప్పుడు ఆయనే అధ్యక్షుడు. బంటు వేషం ప్యో ఉల్సున్‌ది. బజారులో పిండిమిల్లు నడుపుతుంది. పూర్వం మగవాళ్లే వేసే వేషం. నోరు ఆమెదే పెద్దదని తేలాక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ యేడు మాఘ పున్నమికి, అంటే అక్కడి కొత్త సంవత్సరపు మొదటి పున్నమికి, ముందు జిల్లా సాంస్కృతిక శాఖ నుంచి మో జేయున్ అనే ఉద్యోగి వచ్చాడు. సాధన జరుగుతున్న హాల్లో చెప్పులు విప్పి, కిందినుంచి వేడి చేసిన నేల మీద మోకాళ్లు మడిచి కూర్చుని సంగతి చెప్పాడు. దేశాధ్యక్షుడి కార్యదర్శుల్లో ఒకాయన ఈసారి ఆట చూడటానికి వస్తున్నాడు. ఆయనకు నచ్చితే వసంతంలో సియోల్‌లో, అధ్యక్షుడి ఎదుట, ఆట ఆడిస్తారు.

నామ్‌గుంగ్ చేతిలో దొర వేషపు విసనకర్ర ఆగిపోయింది. ఆయనకు దొర నడక నేర్పిన గురువు రాజధానిలో ఆడాలని చూసి చూసి పోయాడు. ఇప్పుడు ఈయనకూ డెబ్బై దాటాయి. మోకాళ్లు ఇంకెంతో కాలం ఆ నడక నడవనివ్వవని డాక్టరు చెప్పాడు. పైగా ఆయన ఓటు ఈ అధ్యక్షుడికే వేశాడు. ఇంట్లో హాలు గోడ మీద అధ్యక్షుడి ఫొటో ఉంది.

"ఒక చిన్న మాట, మాస్టారూ," అన్నాడు మో జేయున్. సంచిలోంచి ఆట పాఠం తీశాడు. బంటు మాటల మీద ఎర్రగీతలున్నాయి.

ఉల్సున్ ఆ కాగితాలు లాక్కుని తిరగేసింది. "ఏంటి నాయనా ఇది? అంతా కొట్టేశావే!"

"నేను కాదు పెద్దమ్మా. పైనుంచి అలా వచ్చింది."

"మరి నాకేం మిగిలింది?"

"నడవొచ్చు. గంతులేయొచ్చు. దండాలు పెట్టొచ్చు."

"నోరో?"

"ముసుగులో నోరు ఎలాగూ కనపడదు కదా పెద్దమ్మా."

మూల కూర్చుని డోలు తాళ్లు బిగిస్తున్న తాక్ సంగిల్ గట్టిగా నవ్వాడు. బజారులో అతనికి ఉప్పు చేపల కొట్టు ఉంది. "ఉల్సున్ అక్క నోటికి తాళం వేస్తే పిండిమిల్లు కూడా ఆగిపోద్ది," అన్నాడు.

"నువ్వు ఉండరా చేపలోడా," అంది ఉల్సున్. నామ్‌గుంగ్ వైపు తిరిగింది. "మాస్టారూ, మీరేమంటారు?"

నామ్‌గుంగ్ కాసేపు విసనకర్ర మూస్తూ, తెరుస్తూ కూర్చున్నాడు. "ఒక్క యేడే కదా మిల్లమ్మా. ఒప్పుకుందాం."

"మీ గోడ మీద ఫొటో ఒప్పుకోమందా?"

"ఫొటో జోలికి పోకు."

"నేను పోలేదు మాస్టారూ. ఆ ఫొటోయే నా జోలికొచ్చింది." ఆమె కాగితాలు మో జేయున్ ఒళ్లో పెట్టి, బంటు ముసుగు గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయింది.

ఆమె కోపం ఒక్క ముసుగు గురించే కాదు. అంతకు ముందు యేడాదంతా వార్తలు ఒకే దారిలో నడిచాయి. అధ్యక్ష నివాసం ఖర్చుల గురించి ప్రశ్న వేసిన తనిఖీ అధికారిని ద్వీపంలో ఉన్న కార్యాలయానికి మార్చారు. ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చిన న్యాయమూర్తి స్థానంలోకి అధ్యక్షుడి సహాధ్యాయి వచ్చాడు. అల్లర్లు రావచ్చని చెప్పి తెచ్చిన అత్యవసర ఉత్తర్వును, అల్లర్లు రాకపోయినా మళ్లీ మళ్లీ పొడిగించారు. పార్లమెంటు దాన్ని రద్దు చేస్తూ చట్టం చేస్తే అధ్యక్షుడు తిప్పి పంపాడు. హ్వాజిన్ బజారులో దీని గురించి రెండు మాటలుండేవి. ఆయనకు దేశం మీద ప్రేమ ఎక్కువ అని ఒకటి. ప్రేమ ఎక్కువైన మొగుడు తలుపు బయటినుంచి గడియ పెట్టినట్టుందని ఇంకొకటి. మొదటిది నామ్‌గుంగ్‌ది. రెండోది ఉల్సున్‌ది.

తర్వాతి వారం తాక్ సంగిల్ తన కొట్టు ముందు ఒక గుడ్డ కట్టాడు. దాని మీద స్కూలు పిల్లలందరికీ తెలిసిన సామెత రాయించాడు. 'పై నీళ్లు తేటగా ఉంటేనే కింది నీళ్లు తేటగా ఉంటాయి.' మధ్యాహ్నానికి పోలీసులు గుడ్డ విప్పి, అతన్ని కూడా తీసుకెళ్లారు.

అతని భార్య నామ్‌గుంగ్ ఇంటికి పరిగెత్తింది. బజారులో ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా మాస్టారి దగ్గరికి పోవడం అలవాటు. నామ్‌గుంగ్ కోటు తొడుక్కుని స్టేషనుకి నడిచాడు.

బల్లకు అటువైపు కూర్చున్న ఇన్‌స్పెక్టర్ ఆయన్ని చూసి లేచి నిలబడి వంగి దండం పెట్టాడు. ఆయన దగ్గర చదువుకున్నవాడే. బల్లకు ఇటువైపు తాక్ సంగిల్ కాగితపు గ్లాసులో కాఫీ తాగుతున్నాడు.

"ఏం చేశాడు వీడు?" అన్నాడు నామ్‌గుంగ్.

"సార్, పై నీళ్లంటే ఎవరో చెప్పమంటున్నాం. చెప్పట్లేదు."

"పై నీళ్లంటే పై నీళ్లే మాస్టారూ," అన్నాడు సంగిల్. "పొద్దుట్నుంచీ అదే చెప్తున్నా. ఏరు ఎగువన ఉంటాయి, కావాలంటే తీసుకెళ్లి చూపిస్తానన్నా. జీపు ఇవ్వనన్నారు."

నామ్‌గుంగ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆ సామెత నీకు ఎవరు నేర్పారు?" అని ఇన్‌స్పెక్టర్‌ని అడిగాడు.

"మీరే సార్."

"అర్థం రాయమంటే ఏం రాశావు?"

"పెద్దవాళ్లు సరిగా ఉంటే చిన్నవాళ్లు సరిగా ఉంటారని."

"మార్కులు వేశానా?"

"వేశారు సార్."

"మరి వీడికి మార్కులెందుకు వేయవు?"

ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. "నాకేం కోపం సార్ సంగిల్ అన్నయ్య మీద? వాళ్ల కొట్లోనే చేపలు కొంటాను. పైనుంచి ఫోన్ వచ్చింది."

"పైనుంచి అంటే ఎవరు?"

ఇన్‌స్పెక్టర్ బల్ల మీది కాగితాలు సర్దాడు. నామ్‌గుంగ్ ఎదురుచూశాడు. పరీక్షలో పిల్లల ముందు నిలబడి ఎదురుచూసినట్టే చూశాడు.

"చూశావా," అన్నాడు చివరికి. "వాడు చెప్పడు, నువ్వు చెప్పలేవు. ఇద్దరికీ తెలుసు."

సాయంత్రానికి సంగిల్‌ని వదిలారు. గుడ్డ మాత్రం స్టేషన్లోనే ఉంచుకున్నారు. ఇంటికి పోతూ దారిలో నామ్‌గుంగ్ ఒక్క మాటే అన్నాడు. "మా తాతని బంటు పంది అన్నాడు. అందరి ముందు. మా తాత బియ్యం ఇచ్చి మరీ అనిపించుకున్నాడు. ఎవరినీ స్టేషనుకి పంపలేదు."

"మీ తాత దగ్గర జీపు లేదు మాస్టారూ," అన్నాడు సంగిల్.

పున్నమికి ముందురోజు నామ్‌గుంగ్ ఆటకు కావలసిన బియ్యం తీసుకుని పిండిమిల్లుకి వెళ్లాడు. ఆ బియ్యం ఇవ్వడం ఇంకా వాళ్ల ఇంటివాళ్ల వంతే. ఉల్సున్ బియ్యం మరలో పోసింది. మర హోరు ఆగేదాకా ఆయన నిలబడ్డాడు.

"మిల్లమ్మా, ఆ పాఠంలో నీ మాటలన్నీ కొట్టేశారు కదా."

"గుర్తు చేయడానికొచ్చారా?"

"నా మాటలు ఎన్ని కొట్టారు?"

"మీవా? మీవెందుకు కొడతారు? దొర తన గొప్పలు తను చెప్పుకుంటాడు. వాళ్లకి అంతకంటే ఏం కావాలి?" చేటలో పిండి ఎత్తుతున్న చెయ్యి ఆగింది. ఆమె ఆయన ముఖంలోకి చూసింది. "మాస్టారూ..."

"ఎన్ని గొప్పలు చెప్పుకోవాలో పాఠంలో రాయలేదు. 'దొర తన వంశం గురించి, అధికారం గురించి చెప్పుకొనును' అని ఉంది. అంతే."

"సియోల్ పిలుపు పోద్ది."

"పోతుంది."

"మీ మోకాళ్లు ఇంకో పిలుపుదాకా ఆగవు."

"ఆగవు." ఆయన పిండి సంచి మూతి కట్టాడు. "నువ్వు ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. జిల్లావాళ్లకి నేను ఒప్పుకున్నాను కాబట్టి మాట తప్పకూడదు. దండాలు పెట్టు చాలు."

"ఎంత వంగమంటారు?"

"నేను చెప్పేకొద్దీ."

పున్నమి పొద్దున్న మో జేయున్ అందరికంటే ముందు వచ్చి మైదానం చూసుకుంటున్నాడు. వెనకనుంచి ఎవరో "జేయున్!" అని పిలిచారు. "ఆఁ," అని తిరిగాడు.

"నా ఎండ నువ్వు కొనుక్కో!" అంది ఉల్సున్.

పున్నమినాడు సూర్యుడు పైకెక్కకముందు పేరు పెట్టి పిలిస్తే పలకకూడదు. పలికినవాళ్లకి పిలిచినవాళ్ల ఎండాకాలపు వేడి మొత్తం చుట్టుకుంటుంది. మో జేయున్ తల పట్టుకున్నాడు. "పెద్దమ్మా, మా అమ్మ చెప్పే పంపింది, ఎవరు పిలిచినా పలకొద్దని."

"ఈ యేడు నీకు వేడి తప్పదు నాయనా," అని అతని చేతిలో పున్నమినాడు కొరికే రెండు అక్రోటు కాయలు పెట్టి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కార్యదర్శి వచ్చాడు. వెంట ఇద్దరు ఫొటోగ్రాఫర్లు. మో జేయున్ ఆయన కోసం గుడారం కింద కుర్చీలు వేయించాడు. నామ్‌గుంగ్ అప్పటికే దొర అంగరఖా తొడుక్కున్నాడు. ముసుగు చేతిలో ఉంది. కార్యదర్శి ముందు వంగి, "కుర్చీలు అందరికీ ఉంటాయండీ. పెద్దవాళ్లకు మా ఊళ్లో వేరే చోటుంది," అని తుంగచాప చూపించాడు. "మా తాతలు కూర్చున్న చోటు."

కార్యదర్శి సంతోషించాడు. బూట్లు విప్పి చాప మీద కూర్చున్నాడు. ఫొటోలు తీశారు.

మైదానం చుట్టూ మాటలు ఆగిపోయాయి. తర్వాత ఆడవాళ్ల వరసలో ఎవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మో జేయున్ పక్క జిల్లావాడు, చాప సంగతి అతనికి తెలియదు. "ఎందుకు నవ్వుతున్నారు?" అని పక్కనున్న ముసలమ్మని అడిగాడు.

"పండగ కదా బాబూ," అంది ఆవిడ.

సంగిల్ డోలు మోగింది. దొర మైదానంలోకి వచ్చాడు. వెనకే బంటు. దొర ముసుగుకి దవడ విడిగా తాళ్లతో వేలాడుతుంది. తల వెనక్కి వంచితే నోరు తెరుచుకుని ముసుగు నవ్వుతుంది. ముందుకు వంచితే నోరు మూసుకుని కోపంగా చూస్తుంది.

దొర చాప వైపు నడిచి ఆగాడు. తల వెనక్కి వంచాడు.

"ఒరే బంటూ! నేనెవరో తెలుసా?"

బంటు వంగి దండం పెట్టాడు.

"తెలియకపోయినా ఫర్వాలేదు. తెలియనివాళ్లకు తెలియజెప్పడానికి ఒక ఆఫీసు పెట్టాను."

"ఒల్సూ!" అన్నారు జనంలో ఎవరో. దొర గొప్ప బాగుంటే జనం అలా అరవాలి. అది ఆటలో భాగం. కార్యదర్శి కూడా చప్పట్లు కొట్టాడు.

"నా వంట ఖర్చు లెక్క చూస్తానన్నాడొక గుమాస్తా. వాణ్ని సముద్రం మధ్యకి పంపాను. ఇప్పుడు అలలు లెక్కపెడుతున్నాడు. ఎంతో కొంత పని ఉండాలి కదా మనిషికి!"

బంటు ఇంకొంచెం వంగాడు. "ఒల్సూ!"

"నాది తప్పన్నాడొక న్యాయాధికారి. దిగు అన్నాను. ఆ కుర్చీలో నా బెంచీ స్నేహితుణ్ని కూర్చోబెట్టాను. అప్పుడు నా పరీక్షలు వాడే రాసేవాడు. ఇప్పుడు నా తీర్పులు వాడే రాస్తాడు. స్నేహమంటే అదిరా!"

జనం నవ్వారు. కార్యదర్శి చేతులు చప్పట్ల మధ్య ఆగాయి. ఆయన మో జేయున్ కోసం చుట్టూ చూశాడు. మో జేయున్ పాఠం కాగితాలు తిరగేస్తున్నాడు. దొర మాటల మీద ఒక్క గీత లేదు.

"తుఫాను వస్తుందని ఊరందరి తలుపులు వేయించాను. తుఫాను రాలేదు. రాలేదు కదా అన్నవాడి తలుపు బయటినుంచి కూడా వేయించాను. వస్తుంది! నేను చెప్పాక రాక ఎక్కడికి పోతుంది?"

బంటు మోకాళ్ల మీద కూలబడి నుదురు నేలకి ఆనించాడు. ఒక్క మాట లేదు. దొర వెనక్కి తిరిగి చూసి, "ఇంకా కిందికి," అన్నాడు. బంటు బోర్లా పడుకున్నాడు. "ఇంకా." బంటు గోళ్లతో నేల గోకడం మొదలుపెట్టాడు. పిల్లలు నవ్వు ఆపుకోలేక ఒకరి మీద ఒకరు పడ్డారు.

"ఈ ఊళ్లో ఎవడో పై నీళ్లు బురద అన్నాడట. ఎవడు? చేపలోడట! ఒరే, నీళ్ల సంగతి చేపలోడికేం తెలుసురా?"

డోలు తప్పింది. సంగిల్ కర్ర కిందపడేసుకుని, కడుపు పట్టుకుని కూర్చున్నాడు. జనంలో చివరి వరసలో, యూనిఫారం లేకుండా వచ్చిన ఇన్‌స్పెక్టర్ "ఒల్సూ!" అని అరిచి, చుట్టూ చూసి, టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు.

దొర చాప ముందుకు వచ్చి నిలబడ్డాడు. తల నెమ్మదిగా ముందుకు వంచాడు. దవడ మూసుకుంది. నవ్వులు తగ్గాయి.

"అందరూ వంగారు," అన్నాడు దొర. "ఇక నేను ఎంత ఎత్తున్నానో చెప్పేవాడు ఒక్కడు లేడు. ఒరే బంటూ, లేచి చెప్పరా. ఒక్క మాట చెప్పరా."

బంటు తల ఎత్తి, నోటి మీద చెయ్యి అడ్డంగా పెట్టి చూపించి, మళ్లీ పడుకున్నాడు. దొర మైదానంలో ఒక్కడే కాసేపు నిలబడ్డాడు. తర్వాత తనకు తానే దండం పెట్టుకుంటూ నిష్క్రమించాడు. ఆట అయిపోయింది.

నామ్‌గుంగ్ ముసుగు తీసి, చెమట తుడుచుకుని, ఇత్తడి గిన్నెలో మక్కొల్లి పోసి రెండు చేతులతో కార్యదర్శికి అందించాడు.

కార్యదర్శి గిన్నె తీసుకోలేదు. "తిట్టింది నన్నా, ఆయన్నా?"

"చాప మీద ఎవరు కూర్చుంటే వాళ్లనండీ. మా తాత కూడా ఇదే అడిగేవాడట."

"ఆడినవాళ్లు ఏమనేవారు?"

"తాగండి, పులిసిపోతుంది అనేవారు."

ఫొటోగ్రాఫర్లు ఎదురుగా ఉన్నారు. ఊరంతా చూస్తోంది. కార్యదర్శి గిన్నె అందుకుని సగం తాగి ఆగాడు. మొత్తం తాగాలని ముసలమ్మ ఒకావిడ సైగ చేసింది. ఆయన మిగతాది కూడా తాగి, మూతి తుడుచుకున్నాడు. "మా నాన్న ఉండుంటే ఈ ఆట ఆయనకు నచ్చేది," అని బూట్లు తొడుక్కుని కారెక్కాడు.

మో జేయున్ కూలబడ్డాడు. "రేపు రిపోర్టు రాయాలి పెద్దమ్మా. ఏం రాయను?"

"బంటు ఒక్క మాట మాట్లాడలేదని రాయి. అబద్ధమా?" ఉల్సున్ బట్టల మీద మట్టి దులుపుకుంది. "పొద్దున్నే చెప్పాగా ఈ యేడు నీకు వేడని. రా, అన్నం తిను. ఐదు ధాన్యాల అన్నం చేశాం. సంగిల్ చేపలు తెచ్చాడు."

అతను రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. చంద్రుడు వచ్చాక ఏటి ఒడ్డున పండగ మంట కోసం కట్టిన పైన్ కొమ్మల గుడిసెకు నిప్పు పెట్టారు. ఊరు దాని చుట్టూ తిరిగింది. నామ్‌గుంగ్ మోకాళ్ల మీద వేడి కాపడం పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు.

సియోల్ నుంచి పిలుపు రాలేదు. వసంతంలో అధ్యక్షుడి ఎదుట వేరే జిల్లావాళ్లు పూల నాట్యం చేశారు. నామ్‌గుంగ్ దాన్ని టీవీలో చివరిదాకా చూసి, అడుగులు బాగా వేశారని మెచ్చుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఒకరోజు చేపలు కొనడానికి వచ్చి, ఒక పొట్లం బల్ల మీద మర్చిపోయి వెళ్లాడు. అందులో గుడ్డ ఉంది. ఇస్త్రీ చేసి ఉంది. సంగిల్ దాన్ని మళ్లీ కట్టాడు.

ఎండాకాలం మొదట్లో నామ్‌గుంగ్ తుంగచాపను హాలు ముందు ఎండలో పరిచి తుడుస్తున్నాడు. ఉల్సున్ పిండి బండి తోసుకుంటూ వచ్చి ఆగింది.

"మీ ఇంటికి వెళ్లాను మాస్టారూ. ఫొటో ఇంకా గోడ మీదే ఉందే?"

"ఎందుకు తీయాలి?"

"అన్నేసి మాటలన్నాక?"

"ఓటు వేసింది నేను. అనే హక్కు కూడా ముందు నాదే. నీది నా తర్వాత."

ఉల్సున్ నవ్వి, చాప రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి దులిపారు. ధూళి లేచింది. "వచ్చే యేడు దీని మీద ఎవరు కూర్చుంటారో?"

"ఎవరు గెలిస్తే వాళ్లు," అన్నాడు నామ్‌గుంగ్. "నీ నోరు సిద్ధంగా ఉంచుకో. నా మోకాళ్ల సంగతి నేను చూసుకుంటా."

చాప చుట్టి, ఇద్దరూ చెరో కొస పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు.